ఐంద్రజాలికుల బిరుదులు

బిరుదు అనేది ఒకరు ఇస్తే పుచ్చుకొనవలసినదే గాని, తనంత తాను తగిలించుకొనదగినది కాదని మన సాహిత్య సంప్రదాయం. శ్రీనాథుని కవిసార్వభౌమ బిరుదం వెనుక ప్రౌఢదేవరాయల ఆస్థానమూ, డిండిమభట్టుతో వాదమూ, పగిలిన కంచుఢక్కా ఉన్నాయి. ఈ సంప్రదాయంలో పెరిగినవారికి పందొమ్మిదవ శతాబ్దపు పాశ్చాత్య ఐంద్రజాలికుల గోడపత్రికలు చూస్తే నవ్వు రాక మానదు. ఒకడు రాజు, ఒకడు మహామాంత్రికుడు, ఏ కళాశాలలోనూ పాఠం చెప్పనివాడు ప్రొఫెసరు! అయితే నవ్వి ఊరుకొనడం న్యాయం కాదు. ఆస్థానం లేదు, పోషించే ప్రభువు లేడు. అణాపైసలిచ్చి టిక్కెట్టు కొనే జనమే దిక్కు. అట్టివానికి బిరుదు ఎవరిస్తారు?

ఈ చిక్కు స్కాట్లండువాడైన జాన్ హెన్రీ ఆండర్సన్‌కు (1814–1874) బాగా తెలుసు. ఆయన తనను ‘ఉత్తరదేశపు మహామాంత్రికుడు’గా ప్రకటించుకొన్నాడు. ‘ఉత్తరదేశపు మాంత్రికుడు’ అన్న పేరు అంతకుముందే నవలాకారుడైన సర్ వాల్టర్ స్కాటుకు లోకమిచ్చినది. మరి ఆండర్సన్‌కు ఎట్లా వచ్చింది? స్కాటే స్వయంగా తన విద్య చూచి, ఆ పేరు నీకే తగునని ఒప్పగించాడని ఆయన చాటుకొన్నాడు. స్కాటు 1832లో మరణించాడు. అప్పటికి ఆండర్సన్‌కు నిండా ఇరవై యేళ్లు లేవు. కథ నమ్మదగినట్లు లేదు. కాని ఇందులో ఒక విశేషం ఉన్నది. బిరుదును అపహరించినవాడు సైతం దానికొక దాతను కల్పించక తప్పింది కాదు.

హూడినీ కథ వేరు. 1874లో బుడాపెస్టులో పుట్టి అమెరికాలో పెరిగిన ఎరిక్ వైస్ అనే కుర్రవాడు, ఫ్రెంచి ఐంద్రజాలికుడు రాబర్ హూడాఁ ఆత్మకథ చదివి ఆయనకు ఏకలవ్యశిష్యుడైనాడు. పేరు చివర ‘ఇ’కారం చేర్చితే ఫ్రెంచిలో ‘అటువంటివాడు’ అని అర్థమౌతుందని ఒక మిత్రుడు చెప్పాడట. ఫ్రెంచి వ్యాకరణంలో అట్టి ప్రత్యయమేదీ లేదు. ఆ ‘హూడాఁ’ మాత్రం ఎవరిది? గడియారాలు బాగుచేసుకొనే రాబర్ తన భార్య ఇంటిపేరును తన పేరుకు జోడించుకొన్నాడు. ఎరువు తెచ్చినదానినే ఎరువు తెచ్చుకొని, పైన లేని ప్రత్యయం చేర్చగా పుట్టిన ఈ మాట నేడు ఆంగ్ల నిఘంటువులకెక్కింది! వైయాకరణులు కోపగించి ప్రయోజనం లేదు.

మొదట ఆయన ‘పేకముక్కల రాజు’నని చెప్పుకొన్నాడు. అది అతకలేదు, పేకముక్కలకు రాజులు వీథికొకరు. 1899లో మార్టిన్ బెక్ అనే నాటకశాలల నిర్వాహకుడు ఆయన సంకెళ్ల ప్రదర్శన చూచి, తక్కినవి వదలి దానినే పట్టుకొమ్మన్నాడు. ‘సంకెళ్ల రాజు’ అన్న బిరుదుకు ఆ తరువాతనే బలం చేకూరింది. ఈ బిరుదులో ఉన్న గుణమేమంటే, దీనిని ఎవరైనా పరీక్షింపవచ్చు. మహామాంత్రికుడవు కావని నిరూపించడమెట్లా? సంకెళ్ల రాజునంటే మాత్రం సంకెల తెచ్చి వేయవచ్చు. ఊరూరా పోలీసులు తెచ్చి వేశారు. 1904 మార్చి 17న లండన్ హిప్పోడ్రోములో డైలీ మిర్రర్ పత్రిక తెప్పించిన సంకెల, బర్మింగ్‌హామ్ పనివాడొకడు అయిదేళ్లు శ్రమించి చేసినదని ప్రతీతి. హూడినీకి గంటకు పైగా పట్టింది, కాని విడిపించుకొన్నాడు. ఆ పందెం ముందే కుదుర్చుకొన్నదని శంకించినవారు లేకపోలేదు. అయినప్పటికీ రాత్రిరాత్రీ జనసమక్షంలో ఋజువు చూపవలసిన బిరుదు ఆస్థానబిరుదుకంటె తక్కువదేమీ కాదు. ఆస్థానకవి ఒకసారి గెలిస్తే చాలును. అనుకరించే సంకెళ్ల రాజులు ఎక్కువ కాగా, 1908లో హూడినీ నీరు నింపిన పాలక్యాను లోపలికి దిగవలసి వచ్చింది. ఆ యేడే తన గురువు పేరు పెట్టుకొన్న చేతితోనే ఆ గురువును ఖండిస్తూ గ్రంథం ప్రకటించాడు. అది శోభించే పని కాదు.

విలియం రాబిన్సన్ అనే అమెరికనుది మరీ విషాదం. చింగ్ లింగ్ ఫూ అనే నిజమైన చైనా ఐంద్రజాలికుని ఖ్యాతి చూచి, తాను చుంగ్ లింగ్ సూ అని పేరు మార్చి, జడ వేసుకొని, ‘అద్భుత చైనా ఐంద్రజాలికుడు’ అయినాడు. బిరుదు నిలవాలంటే వేదికమీద ఇంగ్లీషు మాట పెగలరాదు. 1918 మార్చి 23న లండన్‌లో, తుపాకి గుండును పట్టుకొనే ప్రదర్శనలో గుండు నిజంగానే ఛాతీలో దిగింది. అప్పుడు ఇంగ్లీషులో తెర దించమన్నాడు. మరునాడు మరణించాడు.

తెల్లవారు చైనా వేషాలూ హిందూ వేషాలూ వేసి బిరుదులు ధరిస్తే వినోదమన్న లోకంలో, వంగదేశీయుడైన పి. సి. సర్కార్ (1913–1971) ‘ప్రపంచంలోకెల్ల గొప్ప ఐంద్రజాలికుడు’నని వ్రాసుకొంటే అహంకారమన్నారు. ఇంటిపేరును కూడా ఆంగ్లంలో మాంత్రికుడనే మాటకు దగ్గరగా ధ్వనించేటట్లు వ్రాసుకొన్నాడాయన. ఆ అహంకారంలో కొంత ఉక్రోషమున్నది. ఆ ఉక్రోషంలో కొంత న్యాయమూ ఉన్నది. 1956 ఏప్రిల్ 9న బి.బి.సి. టెలివిజనులో ఒక యువతిని రంపంతో కోసి, ఆమె లేవక ముందే కార్యక్రమం ముగిసిపోయింది. ఆమె చనిపోయిందనుకొని జనం ఆ సంస్థకు ఎడతెగకుండా టెలిఫోను చేశారు.