మన యంట్లకు తగిన యంత్ర మేది?

పట్టణములలోని మధ్యతరగతి యిండ్లలోనికి అంట్లు తోము యంత్రము కొద్దికొద్దిగా ప్రవేశించుచున్నది. 2020వ సంవత్సరమున కోవిడ్ నిర్బంధమువలన పనివారి రాకపోకలు నిలిచిపోయిన నెలలలో మన దేశమున దీనికి ఒక్కమారుగా గిరాకి పెరిగెను. నాడు కొన్నవారిలో కొంద రిప్పటికిని దానిని వాడుచున్నారు. మరికొందరు దానిమీద గుడ్డ కప్పి, లోపల ఉల్లిపాయలును పాత పత్రికలును దాచుకొనుచున్నారు. ఈ రెండవ తెగవారి నడిగినచో వచ్చు సమాధాన మొక్కటే: "మన వంట వేరండీ, మన గిన్నెలు వేరు. అది దొరల యంత్రము." అమ్మిన వర్తకుని అడిగినచో ఆతడు వేరొక పాట పాడును: "యంత్రములో లోపమేమియు లేదు; మీ యింటివారికి గిన్నెలు సర్దుట రాదు."

మే మీ రెండు వాదములను త్రోసివేయుచున్నాము. మన వంట యంత్రమునకు లొంగని బ్రహ్మపదార్థ మేమియు కాదు. మన స్త్రీలు గిన్నె సర్దుట నేర్వలేని మూఢురాండ్రును కారు. యంత్రపు రూపకల్పనలోనే లోపమున్నది. దానిని సరిదిద్దుట ఇంజనీరుల పని. సరిదిద్దువరకు ఊరకుండకుండుట సొమ్ము చెల్లించువారి పని.

ఈ యంత్రముయొక్క పుట్టుక జూడుడు. 1850లో జోయెల్ హౌటన్ అను అమెరికా దేశస్థుడు చేతితో త్రిప్పు కొయ్యయంత్ర మొకదానికి పేటెంటు పొందెను. అది పాత్రలపై నీరు చిలుకరించెడిదే గాని జిడ్డు వదలించెడిది కాదు. పని కుదిరినది 1886 డిసెంబరు 28వ తేదీన ఇల్లినాయ్ రాష్ట్రమున షెల్బీవిల్ నివాసిని జోసెఫీన్ కాక్రేన్ పేటెంటు పొందిన యంత్రముతోనే. ఆమె ఇంజనీరు కాదు, ఇల్లాలు. భర్త గతించి, అప్పులు మిగిలియుండగా ఈ పనికి పూనుకొనెను. ఆమె మొట్టమొదట తన యింటి పళ్లెములను, కప్పులను, సాసర్లను కొలిచెను. ఆ కొలతలకు సరిపడునట్లు తీగలతో అర లల్లించెను. ఆ యరలను చక్రమున కమర్చి, రాగిబానలో నుంచి, వేడి సబ్బునీటిని ఒత్తిడితో వానిపై చిమ్మించెను. 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనమున ఆ యంత్రములు జనుల కంట బడెను. నేటికిని మార్పులెన్ని వచ్చినను మూలసూత్ర మదియే: పాత్ర కదలకుండ అరలో నిలువవలెను, నీరు బలముగ దాని ముఖమునకు తగులవలెను.

పాత్ర ముందు, యంత్రము వెనుక. మనకు వచ్చినది ఇందుకు తలక్రిందు. యంత్ర మెవరి పాత్రలకో కొలత తీసికొని తయారై వచ్చినది. ఇప్పుడు మన పాత్రలే దానికొరకు మారవలెనట!

పెట్టెమీద "13 ప్లేస్ సెట్టింగులు" అని అచ్చువేయుదురు. ఈ మాట కర్థమేమి? ఒక్కరి వడ్డనకు కావలసిన పాత్రల జట్టు. ఎవరి వడ్డన? ఐ.ఇ.సి. 60436 అను అంతర్జాతీయ ప్రమాణమున ఆ జట్టు నిర్ణయింపబడియున్నది. భోజనపు పళ్లెము, సూపు పళ్లెము, తీపి పళ్లెము, కప్పు, సాసరు, గ్లాసు, చెంచాలు, కత్తి, ముల్లుగరిట. వానికి పూయు మురికియు నిర్ణీతమే: పాలు, టీ, ముక్కలుగా కొట్టిన మాంసము, గ్రుడ్డు, ఓట్సు జావ, పాలకూర, మార్గరిను. అందులో ముద్దపప్పు లేదు. చింతపండు పులుసు లేదు. పసుపు కలిసిన తాలింపు నూనె లేదు. పెనమునకంటిన అట్టుపిండి లేదు. కంచము నంచున నెండిపోయిన గంజిమెతుకు లేదు. ఆ దేశములవారు తమ బల్లకు తగినట్లు పరీక్ష యేర్పరచుకొన్నారు. అందుకు వారిని మేము తప్పుపట్టము. తప్పెక్కడ ననగా, ఆ యంకెను తెచ్చి మన వంటింట సాక్ష్యముగా ప్రవేశపెట్టుటలో నున్నది. ఒకరి పొలము కొలచిన పట్టీని వేరొకరి పొలము దావాలో దాఖలు చేసిన నే న్యాయాధిపతియైన నంగీకరించునా?

మన పాత్రలను గూర్చి కొంచెము విపులముగ చెప్పవలసియున్నది. స్టీలు కంచమునకు అంచు నిలువుగ లేచియుండును. చదునైన పళ్లెమునకై నాటిన తీగపండ్ల నడుమ అది ఇమిడిన నిమిడినట్లుండి వాలిపోవును; రెండు కంచములు ఒకదాని నొకటి కౌగిలించుకొనును; నడుమకు నీరు పోదు. నీటిధార సూటిగ పోవునదేగాని మలుపు తిరుగునది కాదు. కావున మెడ సన్నమైన చెంబులోపలికి, లోతైన గుంటగిన్నె మూలకు, కుక్కరు మూత మడతలోనికి అది చేరవలెనన్న చిమ్ము గొట్టముల స్థానమైనను మారవలె, అరల వాలైనను మారవలె. తీగపండ్లను వెడల్పుగ, వంచుటకు వీలుగ చేయుట గొప్ప విద్య కాదు. క్రింది యరలో ఒక మూలను నిలువుగ లేచు చిమ్ముకాడ యొకటి అమర్చి, దానిమీద చెంబు బోర్లించుకొనునట్లు చేయుటయు అసాధ్యము కాదు. ఇక మెతుకు సంగతి. మన యంట్లలో మెతుకు తప్పదు. అది నాని ఉబ్బి జల్లెడను పూడ్చును. జల్లెడ పూడినచో అదే మురికినీరు పాత్రలపై మరల తిరుగును. కావున జల్లెడ పెద్దది కావలెను, ఒక్క చేతితో తీసి కడుగుటకు వీలుగ నుండవలెను. గంజిని విడగొట్టు ఎంజైము, అనగా అమైలేజు, కలిసిన పొడి మన కెక్కువ అవసరము. మాంసకృత్తుల మరకలకై చేసిన పాళ్లతో మన కంచము తేటపడదు.

ఒప్పుకొనదగిన దొప్పుకొనవలెను. ఇనుప పెనము, అల్యూమినియము గిన్నె, ఇత్తడి బిందె యంత్రములో పెట్టరాదు. క్షారముగల పొడికి అల్యూమినియము నల్లబడును. పెనమున కబ్బిన నూనెపదును పోయి త్రుప్పు పట్టును. ఏ యంత్రము వచ్చినను వీనిని చేతితోనే తోమవలెను. ఈ మాట వర్తకుడు సొమ్ము పుచ్చుకొనక ముందే చెప్పవలెను. పుచ్చుకొన్న తరువాత పుస్తకమున 40వ పుటలో చిన్న యక్షరములతో చెప్పుట చెప్పుట కాదు.

తరువాత నీరు. మన మేడలపై నీటితొట్టి యుండును. పది మీటర్ల యెత్తునుండి దిగు నీటికి సుమారు ఒక బారు ఒత్తిడి వచ్చును. పై యంతస్తు వంటింటికి తొట్టి మూడు మీటర్ల యెత్తుననే యున్నచో వచ్చునది 0.3 బారు మాత్రమే. యంత్రములు కొన్ని 0.3 కోరును, కొన్ని 0.5 కోరును. కోరినంత రానిచో యంత్రము నీరు రాలేదని ఆగి దీపము వెలిగించును. గృహస్థుడు పాడైనదని మెకానికును పిలుచును. తొట్టినుండి నెమ్మదిగ వచ్చు నీటిని ఓపికతో నింపుకొనునట్లును, కుళాయి రాని దినమున బిందెతో పోసికొనుటకు మూతగల ద్వారమొకటి యుండునట్లును చేసినచో ఈ తగవు తీరును. కాఠిన్యము వేరొక తగవు. త్రాగునీటికై మన ప్రమాణమగు ఐ.ఎస్. 10500 లీటరునకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యము తగునని, వేరు నీరు దొరకనిచో 600 వరకు సహింపవచ్చునని చెప్పుచున్నది. తెలంగాణములోను రాయలసీమలోను బోరునీటి రుచి యెరిగినవారికి ఈ రెండవ యంకె యెందుకు పుట్టినదో మేము చెప్పనక్కరలేదు. యంత్రములో ఉప్పుతో శుద్ధియగు రెసిను గది యుండుట ఇందుకే. కాని లోపలికి వచ్చు నీటి కాఠిన్యమును తానే కొలిచి, ఉప్పు వాడుకను తానే దిద్దుకొను యంత్రము మనకు కావలెను. గృహిణి చేతికి కాగితపు చీలికయిచ్చి, రంగు చూచి అంకె త్రిప్పుకొమ్మనుట పని తప్పించుకొనుట.

నీటి యాదాయమును గూర్చి వర్తకులు చేయు ప్రచారమునందును ఒక మెలిక కలదు. జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయమున ఆచార్య స్టామింగర్ బృందము చేసిన పరిశోధనలో పన్నెండుగురి పాత్రలు చేతితో కడుగుటకు ఐరోపీయులు సగటున సుమారు 100 లీటర్లు వాడిరి. యంత్రమునకు అందులో ఆరవ వంతైనను పట్టలేదు. నిజమే. కాని మన పెరటిలో రెండు బకెట్ల నీటితో అంట్లన్నియు తేల్చు మనిషిని వారు కొలువలేదు. 2020లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చినదేమనగా, ఒక తొట్టిలో వేడినీట నానవేసి తోమి, రెండవ తొట్టిలో చన్నీట తొలుచు పద్ధతివలన యంత్రముకంటెను తక్కువ కాలుష్యము కలుగునని. కాబట్టి నీటి పేరు చెప్పి మనలను మభ్యపెట్టనక్కరలేదు. యంత్రము కావలసినది నీటికొరకు కాదు, మనిషి కొరకు. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో జీతములేని యింటిపని చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, చేయు పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. అట్టి పని చేయు స్త్రీలు నూటికి 81 మంది. పురుషులు 26 మంది. పఠనమందిరమున కూర్చుండి ఈ పత్రిక చదువుచున్న సోదరులు ఈ యంకెలను మరియొకమారు చదువవలెనని మా మనవి.

"యంత్రము వచ్చిన పనిమనిషి గతి యేమి?" అని యడుగు దయాళువులు కలరు. ఆమె జీతము పెంచవలసివచ్చిననాడు ఈ దయ యెచట దాగుకొనునో మాకు తెలియదు. క్షారపునీట నాని పగిలిన చేతులను కాపాడుటకై యంత్రము నడ్డగించుట వింత వాదము. ఆ చేతులకు వేరు పని, మేలైన జీతము కోరుడు, మేమును కోరుదుము.

మడియను, ఎంగిలియను పట్టింపుగల యిండ్లలో వంటగిన్నెలతో ఎంగిలి కంచములను కలిపి కడుగరు. ఇది మూఢత్వమని నవ్వువారు నవ్వుదురుగాక, ఇంజనీరు నవ్వరాదు. న్యూజీలండు దేశపు ఫిషర్ అండ్ పైకెల్ సంస్థ 1997లోనే రెండు సొరుగుల యంత్రమును తెచ్చినది. ఏ సొరుగున కా సొరుగే నడచును. అక్కడివారు చిన్నకుటుంబముల సౌకర్యమునకై చేసిన యేర్పాటు మన యింట మడికిని సరిపోవును.

విద్యుత్తు విషయమున మా కోరిక చిన్నది. నాలుగు లీటర్ల నీటిని 28 డిగ్రీలనుండి 68 డిగ్రీలకు కాచుటకు సుమారు 0.19 యూనిటు చాలును. అట్టి కాపు ఒకసారికంటె నెక్కువ కావలెను. మేడమీద సూర్యుడు కాచిన నీ రుండగా కరెంటుతో కాచుట యేల? రెండు కుళాయిలకు రెండు ద్వారములు పెట్టుడు. తొలి కడుగుడు చన్నీటితో, ఏలనగా వేడికి పాలు గ్రుడ్డు పాత్రకే అతుక్కొనును. తరువాతిది మేడమీది వేడినీటితో. కరెంటు పోయి వచ్చినచో ఆగినచోటనే మరల మొదలిడునట్లు కూడ నుండవలెను.

ఇక మరమ్మతు. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన నియమముచే, 2021 మార్చి 1వ తేదీనుండి అమ్ము యంత్రములకు మోటారు, పంపు, కాపుకడ్డీ వంటి భాగములను ఏడేండ్లును, తలుపు రబ్బరు, చిమ్ముకాడ, జల్లెడ, అరలను పదేండ్లును అందుబాటున నుంచవలెను. మన దేశమున 2022లో మరమ్మతు హక్కునకై సంఘమును, ఆ డిసెంబరులో ఒక పోర్టలును ఏర్పడినవి. పోర్టలు మంచిదే. కాని పోర్టలు శాసనము కాదు. వినియోగదారుల శాఖవారు ఐరోపా నియమమునే తెలుగులోనికి తర్జుమా చేసి యిచ్చినను మేము సంతోషింతుము.

అంతవరకు కొనదలచినవారు చేయదగిన దొకటున్నది. తమ యింటి కంచములు రెండు, గుంటగిన్నె యొకటి, కుక్కరు యొకటి, చెంబు యొకటి సంచిలో వేసికొని దుకాణమునకు పోవుడు. వర్తకునిచేతనే వానిని అరలో సర్దించుడు. పైకాడ తట్టుకొనక తిరుగునేమో చేతితో త్రిప్పి చూడుడు. జల్లెడ ఊడదీయించుడు. తొట్టి యెత్తు చెప్పి, అంత యొత్తిడికి నడచునా యని వ్రాతమూలకముగ నడుగుడు. వ్రాసియియ్యనన్నచో సంచి చేతబట్టుకొని ప్రక్క దుకాణమునకు పోవుడు.