ఉపాధ్యాయుల భావప్రకటన స్వేచ్ఛ – మన విద్యాసంస్థల బాధ్యత

2025 మే నెలలో హర్యానాలోని అశోకా విశ్వవిద్యాలయ రాజనీతి శాస్త్ర అధ్యాపకులు అలీ ఖాన్ మహమూదాబాద్ గారిని పోలీసులు అరెస్టు చేసినప్పుడు ముస్లిం సంస్థలు, లౌకికవాదులు, తోటి అధ్యాపకులు గట్టిగా ఖండించారు. ఖండించవలసిందే. ఆయనపై మోపిన నేరం ఫేస్‌బుక్‌లో రాసిన కొన్ని వాక్యాలు. ఆపరేషన్ సిందూర్ వివరాలను పత్రికలవారికి వెల్లడించిన కల్నల్ సోఫియా ఖురేషీని ప్రశంసిస్తున్నవారు మూకహత్యలకూ బుల్‌డోజర్లకూ గురవుతున్న సామాన్యుల రక్షణను కూడా అంతే గట్టిగా కోరాలని, అది ఆచరణలోకి రాకపోతే ఆ దృశ్యం కపటంగానే మిగులుతుందని ఆయన అభిప్రాయపడ్డారు. హర్యానా మహిళా కమిషన్ అధ్యక్షురాలికి అందులో మహిళా సైనికాధికారుల పట్ల అవమానం కనిపించింది. రెండు ఎఫ్.ఐ.ఆర్.లు నమోదయ్యాయి. మే 18న అరెస్టు, మే 21న సుప్రీంకోర్టు నుండి తాత్కాలిక బెయిలు. ఆ బెయిలుతోపాటు ఆ విషయంపై ఇక ఏమీ రాయరాదన్న షరతు, పాస్‌పోర్టు అప్పగింత, ముగ్గురు ఐపీఎస్ అధికారులతో ప్రత్యేక దర్యాప్తు బృందం కూడా వచ్చాయి. అదే కల్నల్ ఖురేషీని ఉద్దేశించి మధ్యప్రదేశ్ మంత్రి విజయ్ షా సభలో అన్న మాటలపై కేసు పెట్టించడానికి మాత్రం ఆ రాష్ట్ర హైకోర్టే స్వయంగా పూనుకోవలసి వచ్చింది. మంత్రిగారి అరెస్టును నిలుపుదల చేస్తూ సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. పాఠం చెప్పే మనిషి మాత్రం కస్టడీకి వెళ్ళారు.

ఆ రోజుల్లో మనం చేసిన వాదన ఇది: అధ్యాపకుడు తరగతి గది బయట, పౌరుడిగా, తన పేరుతో తాను వెలిబుచ్చుకునే అభిప్రాయం అతని సొంతం, దానికి అతని ఉద్యోగాన్నీ స్వేచ్ఛనూ తాకట్టు పెట్టరాదు. మంచి వాదన. అయితే అది సూత్రం కోసం చేసిన వాదనా, మనవాడు కనుక చేసిన వాదనా అన్న ప్రశ్నకు మనమే జవాబు చెప్పుకోవలసి ఉంది. ఆ ప్రశ్న వేయడానికి మరొక ఉదంతాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

కోల్‌కతాలోని సెయింట్ జేవియర్స్ విశ్వవిద్యాలయంలో 2021 ఆగస్టులో ఇంగ్లీషు సహాయ ఆచార్యురాలిగా ఒక యువతి చేరారు. రెండు నెలలకే అధికారులు ఆమెను ఒక కమిటీ ముందుకు పిలిచారు. మొదటి సంవత్సరం విద్యార్థి తండ్రి ఒకరు ఫిర్యాదు చేశారు. తన కొడుకు ఫోన్‌లో ఆ అధ్యాపకురాలి ఈత దుస్తుల ఫోటోలు చూస్తుండగా పట్టుకున్నానన్నది ఆ ఫిర్యాదు. ఆమె చెప్పినదాని ప్రకారం ఆ ఫోటోలు ఉద్యోగంలో చేరకముందు, జూన్ నెలలో ఇన్‌స్టాగ్రామ్ ‘స్టోరీ’గా పెట్టుకున్నవి. స్టోరీ అనేది ఇరవై నాలుగు గంటల్లో దానంతట అదే కనిపించకుండా పోతుంది. పైగా ఆమె ఖాతా అందరికీ తెరిచి ఉంచినది కాదు. అంటే ఎవరో వాటిని దొంగిలించి దాచి, నెలల తరువాత చేతులు మార్చి ఉండాలి. కమిటీ ఆ ఎవరో సంగతి విచారించలేదనీ, ఫోటోల ప్రతులను తన ముందుంచి తననే నిలదీసిందనీ, బలవంతాన రాజీనామా చేయించారనీ ఆమె ఆరోపణ. ఆమె తనంతట తానే రాజీనామా ఇచ్చారని విశ్వవిద్యాలయం జవాబు. ఆమె లాయరు నోటీసు పంపితే, సంస్థ ప్రతిష్ఠకు నష్టం కలిగించినందుకు 99 కోట్ల రూపాయలు చెల్లించాలంటూ ప్రతి నోటీసు వచ్చింది. 2022 ఆగస్టులో ఈ వ్యవహారం పత్రికలకెక్కింది.

సహాయ ఆచార్యురాలి జీతంతో 99 కోట్లు పోగు కావడానికి ఎన్ని జన్మలు కావాలో లెక్కలు రాసి రాసి అలసిన మా బోటి గుమాస్తాలకు కూడా అంతుపట్టదు.

ఈ వార్త వచ్చినప్పుడు మన వర్గాలలో పెద్దగా స్పందన లేదు. స్పందించిన కొద్దిమందిలోనూ ‘పాఠాలు చెప్పే మనిషికి ఆ ఫోటోలెందుకు’ అన్నవారే మాకు ఎక్కువగా తారసపడ్డారు. ఆ దుస్తులు మన సంప్రదాయానికి సమ్మతం కావు, నిజమే. కాని మహమూదాబాద్ గారి మాటలు కూడా వాటిని శిక్షించదలచినవారికి సమ్మతం కాలేదు. సమ్మతమైనదానికి రక్షణ అవసరమే రాదు.

సిగ్గూ మర్యాదా (మనం హయా అంటాము) కాపాడాలనే పెద్దలు ఒక విషయం గమనించాలి. 2021 జూలైలో ‘సుల్లీ డీల్స్’, 2022 జనవరి 1న ‘బుల్లీ బాయి’ అన్న పేర్లతో ముస్లిం స్త్రీల ఫోటోలను ఇంటర్‌నెట్‌లో వేలానికి పెట్టారు. పాత్రికేయులు, న్యాయవాదులు, విద్యార్థినులు, హైదరాబాద్‌కు చెందిన అరవై ఏళ్ళు దాటిన సామాజిక కార్యకర్త ఒకరు ఆ జాబితాలలో ఉన్నారు. తలనిండా ముసుగు కప్పుకున్నవారి ఫోటోలూ వాటిలో ఉన్నాయి. ‘బుల్లీ బాయి’ కేసులో పట్టుబడినవారిలో ఇంజనీరింగు చదువుతున్న కుర్రాళ్ళున్నారు, పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఉంది. అప్పుడు మనం ‘ఫోటో ఎందుకు పెట్టుకున్నావు’ అని ఆ స్త్రీలను అడగలేదు. ‘ఎవడు దొంగిలించాడు’ అని అడిగాము. కోల్‌కతాలో అడగవలసిన ప్రశ్న కూడా అదే. ఒకరి ఇంటిలోకి అనుమతి లేకుండా ప్రవేశించవద్దని సూరా నూర్‌లోనూ, ఇతరుల రహస్యాలను కూపీ లాగవద్దని సూరా హుజురాత్‌లోనూ ఉన్న ఆదేశాలు మన పాఠకులకు తెలియనివి కావు. తాళం వేసుకున్న ఖాతా ఇల్లు వంటిదే. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించింది.

ఇక మన సంస్థల సంగతి. ఈ సంపాదకీయం రాయడానికి అసలు కారణం ఇదే. సెయింట్ జేవియర్స్ క్రైస్తవ యాజమాన్యంలోని సంస్థ. రాజ్యాంగం 30(1) అధికరణం కింద వారికున్న హక్కే మనకూ ఉంది. ఆ హక్కుతోనే రెండు తెలుగు రాష్ట్రాలలో మన బడులు, జూనియర్ కళాశాలలు, ఇంజనీరింగు కళాశాలలు నడుస్తున్నాయి. వీటిలో పాఠాలు చెప్పేవారిలో మన ఆడపిల్లలు చాలామంది. డిగ్రీ, బి.ఇడి. చదివి, ఇంట్లో ఒప్పించి, తక్కువ జీతానికైనా గౌరవంగా బతకవచ్చని వచ్చినవారు. అలాంటి ఒక టీచరు మా సంఘ కార్యాలయానికి వచ్చి చూపిన కాగితం ఇంకా మా కళ్ళ ముందున్నది. అన్న వలీమాలో బంధువులతో నవ్వుతూ దిగిన ఫోటోను వాట్సాప్ స్టేటస్‌గా పెట్టుకున్నందుకు కరస్పాండెంట్ గారు పిలిపించి, ముందే టైపు చేయించిన రాజీనామా పత్రం ముందుకు జరిపారట. కారణం దగ్గర ‘వ్యక్తిగతం’ అని ఉంది. తేదీ మాత్రం ఖాళీ. ‘అంకుల్, ఫోటోలో నా ప్రక్కనున్నది మా మేనత్త’ అని ఆ అమ్మాయి మాకు వివరించబోయింది. ఆ వివరణ ఇచ్చుకోవలసిన స్థితి ఆమెకు ఎందుకు రావాలి?

మైనారిటీ సంస్థ కనుక మా ఇష్టం అనే యాజమాన్యాలకు పాత తీర్పు ఒకటి గుర్తుచేస్తాము. 1958లోనే కేరళ విద్యా బిల్లు వ్యవహారంలో సుప్రీంకోర్టు, సంస్థను నిర్వహించే హక్కులో దుర్నిర్వహణ చేసే హక్కు ఇమిడి ఉండదని తేల్చింది. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ప్రైవేటు ఉపాధ్యాయుణ్ణి తొలగించాలన్నా అభియోగం తెలిపి విచారణ జరపాలనే చెబుతున్నది. తేదీ లేని రాజీనామా పత్రం ఆ విచారణను ఎగవేయడానికి కనిపెట్టిన ఉపాయం.

ప్రభుత్వోపాధ్యాయులకు 311వ అధికరణం అండ ఉన్నది. వారి చిక్కు వేరు. 1964 నాటి ప్రవర్తనా నియమావళిని మేము ఉద్యోగ జీవితమంతా బల్ల మీద ఉంచుకుని పనిచేశాము. ప్రభుత్వ విధానాలపై బహిరంగ విమర్శ, రాజకీయ పార్టీలలో పాల్గొనడం వంటివి అందులో స్పష్టంగా ఉన్నాయి. ఇబ్బంది అంతా ‘ఉద్యోగికి తగని ప్రవర్తన’ అన్న మాటతో వస్తుంది. ఆ సంచిలో ఏదైనా పడుతుంది. ఛార్జి మెమో రాసే అధికారికి ఏ నియమమూ దొరకనప్పుడు ఆ మాట దొరుకుతుంది. తరువాత సస్పెన్షను, జీవనభృతి, ఏళ్ళ తరబడి విచారణ. చివరకు అభియోగం వీగిపోయినా ఆ ఏళ్ళు తిరిగి రావు. అయితే న్యాయస్థానాలు ఈ విషయంలో మౌనంగా లేవు. సర్కారీ కొలువులో చేరినంత మాత్రాన పౌరుడు ప్రాథమిక హక్కులను వదులుకున్నట్లు కాదని 1962లో కామేశ్వర్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిబంధనల హద్దుకు లోబడి ఉద్యోగికి తన రాజకీయ అభిప్రాయాన్ని ఫేస్‌బుక్‌లో చెప్పుకునే హక్కున్నదని 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు తీర్పునిచ్చింది. ఉపాధ్యాయ సంఘాల నాయకులు ఈ రెండు తీర్పుల ప్రతులను తమ కార్యాలయాలలో ఉంచుకోవడం మంచిది.

హద్దులు లేవని మేము అనడం లేదు. 2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లాలో ఒక ఉపాధ్యాయురాలు, హోంవర్కు చేయలేదన్న కారణంతో ఒక ముస్లిం పిల్లవాణ్ణి తోటి పిల్లలచేత ఒకరి తరువాత ఒకరిగా చెంపదెబ్బలు కొట్టించారు. ఆ పని తరగతి గదిలో, తన సంరక్షణలో ఉన్న బిడ్డపై చేసినది. అక్కడ భావస్వేచ్ఛ అన్న మాటకు చోటు లేదు. అలాగే తన విద్యార్థుల కులాన్నీ మతాన్నీ ఎగతాళి చేస్తూ రాసే ఉపాధ్యాయుడు, పిల్లల ఫోటోలను తల్లిదండ్రుల అనుమతి లేకుండా తన ఖాతాలో పెట్టుకునే ఉపాధ్యాయుడు సంజాయిషీ చెప్పుకోవలసిందే. చూడవలసింది ఒక్కటే: ఆ మాట వల్లగాని, ఆ ఫోటో వల్లగాని ఏ బిడ్డకు ఏ హాని జరిగింది? హాని చూపలేనప్పుడు, ‘తల్లిదండ్రులు ఏమనుకుంటారో’ అన్నది కారణం కాజాలదు. తల్లిదండ్రులలో ఒకరు ఫిర్యాదు తెచ్చినప్పుడు ఆ ఫోటో వారి చేతికి ఎలా వచ్చిందో యాజమాన్యం ముందుగా అడగాలి.

‘పోరు పెట్టుకుంటే అడ్మిషన్లు పడిపోతాయి’ అని కొందరు నిర్వాహకులు మాతో చెబుతుంటారు. ప్రక్క వీధి కార్పొరేట్ స్కూలుతో పోటీ పడుతూ, చందాలతో భవనం కట్టి, అద్దె, కరెంటు బిల్లు చూసుకుంటూ నడిపే బడులవి. వారి భయాన్ని మేము తేలికగా తీసుకోవడం లేదు. ఐతే ఆ భయం ఖర్చును జీతంలో అందరికన్నా అడుగున ఉన్న టీచరమ్మ ఒక్కతే ఎందుకు భరించాలన్నదే మా ప్రశ్న.

జూన్‌లో బడులు తెరిచేముందు నియామక పత్రాలు ఇస్తారు. మన యాజమాన్యాలు ఈసారి ఆ పత్రంలో మూడు వాక్యాలు చేర్చాలని కోరుతున్నాము. ఉపాధ్యాయురాలి వ్యక్తిగత ఖాతాలు, ఫోటోలు సంస్థ పరిశీలనలోకి రావు. ఫిర్యాదు వస్తే దాని ప్రతిని ఆమెకు లిఖితపూర్వకంగా ఇచ్చి, జవాబుకు పదిహేను రోజుల గడువిచ్చి, కనీసం ఒక మహిళ ఉన్న కమిటీ విచారిస్తుంది. ఏ పరిస్థితిలోనూ సంస్థ తయారుచేసిన రాజీనామా పత్రంపై సంతకం అడగరు. ఈ వాక్యాలతో పత్రం ఇచ్చిన సంస్థలు దాని నకలు మా చిరునామాకు పంపితే, సంస్థ పేరుతో సహా జూలై సంచికలో ప్రచురిస్తాము. తేదీ లేని పత్రాలపై సంతకం చేసి ఉన్న ఉపాధ్యాయినులు ఉంటే వారూ మమ్మల్ని కలవవచ్చు. వారి పేర్లు బయటికి రావు. శనివారాలు సాయంత్రం సంఘ కార్యాలయంలో న్యాయవాది ఒకరు అందుబాటులో ఉంటారు.