హైస్కూల్ నుంచి ఎన్‌బీఏ: మధ్యలో వీసా గీత

మా అబ్బాయి హైస్కూల్ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. శనివారం జిమ్‌లో కలిసే మన తల్లిదండ్రుల మాట ఒకటే: 'ఇప్పుడు కాలేజీలోనే డబ్బులిస్తున్నారట కదా!'

నిజమే. 1996లో కోబీ బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకు వెళ్లారు. 2006 డ్రాఫ్ట్ నుంచి ఆ దారి మూసేశారు. డ్రాఫ్ట్ జరిగే ఏడాదిలో 19 ఏళ్లు నిండాలి, అమెరికా కుర్రాళ్లయితే హైస్కూల్ అయ్యాక ఏడాది ఆగాలి. ఎక్కువ మంది ఆ ఏడాది కాలేజీలో ఆడతారు. 2021 నుంచి పేరు, ఫొటో వాడుకున్నందుకు కాలేజీ క్రీడాకారులు డబ్బు తీసుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లించవచ్చు.

కానీ హెచ్-4పై ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి లేదు. ఎఫ్-1కు మారినా కఠిన పరిమితులే. తెలియక ఒప్పందంపై సంతకం చేస్తే స్టేటస్‌కే ముప్పు రావచ్చు. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్న మాకు ఇదే అసలు బెంగ.

డ్రాఫ్ట్‌లో పిలిచేది గరిష్ఠంగా 60 మందినే. 2015లో పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ను ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ నుంచి డల్లాస్ జట్టు 52వ స్థానంలో ఎంచుకుంది. భారత్‌లో పుట్టి ఎంపికైనవారిలో అతనే మొదటివాడు. అయినా ఎన్‌బీఏ సీజన్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం దక్కలేదు.

పిల్లల్ని ఆడనిద్దాం. కోచ్‌తో మాట్లాడినట్టే ఇమిగ్రేషన్ లాయర్‌తోనూ ముందే మాట్లాడదాం. చదువును మాత్రం పక్కన పెట్టనివ్వొద్దు. మా ఇంట్లో పెట్టుకున్న నియమం ఇదే.