బొమ్మల కథకు భద్రత

ఐ.పోలవరమను పేరులోని 'ఐ' ఆంగ్లములో దీవిని తెలుపు 'ఐలండు'కు పొడి అక్షరము. గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగిన అక్కడి విద్యార్థికి వరద, రేవు, పంటు, కొబ్బరితోట అనునవి బడికి రాకముందే వచ్చిన పాఠములు. 2002లో ఎదుర్లంక–యానాము వంతెన వచ్చిన పిమ్మట ఆ రేవు జీవితము మారినది. మారిన జీవితమునకు సాక్ష్యమెక్కడ?

శాసనములు రాజుల దానములను చెప్పును. సామాన్యుడు పడవనెట్లు కట్టెను, గాలివానకెట్లు జడిసెను, మరునాడెట్లు నవ్వెను అను సంగతులు పత్రికలలోని బొమ్మల కథలలో కనిపించును. ఫిన్లాండు చిత్రకారిణి టోవె యాన్సన్ 1954లో లండను 'ఈవెనింగ్ న్యూస్' దినపత్రికలో మూమిన్ కుటుంబపు కథను ఆరంభించెను. సముద్రము, తుపాను, దీవి ఆ కథలో తరచు వచ్చును. ఆమె తమ్ముడు లార్స్ దానిని 1975 వరకు సాగించెను. ఈ శతాబ్దిలో ఆ కథలు వరుస సంపుటములుగా వెలువడుటచే, పత్రికను చూడని తరము కూడ వాటిని చదువుచున్నది.

అన్ని బొమ్మలకు ఈ అదృష్టము లేదు. పత్రిక కాగితము కలపగుజ్జుతో చేసినది. వెలుతురు, గాలి సోకినకొలది అది పసుపెక్కి, ఆమ్లముచే పెళుసెక్కి రాలిపోవును. కోనసీమ తేమ తోడైనచో బూజు, చెదలు ఆలసింపవు. అమెరికాలో గ్రంథాలయములు పత్రికలను మైక్రోఫిల్ముకెక్కించి అసలు సంపుటములను వదలుకొనెను. రంగుల బొమ్మలు ఫిల్ములో నలుపు తెలుపులైనవి. బిల్ బ్లాక్‌బియర్డ్ అను రచయిత 1960ల చివర నుండి ఆ సంపుటములను సేకరించి తన యింట దాచెను. సుమారు 75 టన్నుల ఆ భాండారము నేడు ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున భద్రముగా నున్నది.

తెలుగునాట ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' బాపు బొమ్మలతో 1950లలో ఆంధ్ర వారపత్రికలో వెలువడెను. పుస్తకమైనందున నేటికిని బాలురకు అందుచున్నది. ఆంధ్రపత్రిక మాత్రము 1991లో ఆగిపోయినది. పుస్తకమునకెక్కని బొమ్మలకు పాత సంచికలే దిక్కు. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను స్కాను చేయించుట మెచ్చదగిన పని. అయితే యంత్రము ఎదుటికి వచ్చిన పుటనే పట్టును. అటకమీద చివికినదానిని పట్టజాలదు.

కావున ఉపాధ్యాయులు పూనుకొనవలెను. పాత పత్రికలు ఇంటనున్నచో తూకమునకు వేయుటకు ముందు విద్యార్థులచే పుటలు తిప్పించవచ్చును. బొమ్మను కత్తిరింపక పుట మొత్తముగా ఉంచుట, పత్రిక పేరు, తేది వేరొక కాగితముపై వ్రాయుట, జిగురు, అంటుపట్టీ తగులనీయకుండుట, నేలకు ఎత్తుగా పొడి పెట్టెలో పరచి పెట్టుట—ఇంతమాత్రము ఏ పాఠశాలకైనను సాధ్యము. ఒక నకలు గ్రంథాలయమునకు చేరినచో మరింత మేలు.

వరద వచ్చినప్పుడు లంకవాసి మొదట విత్తనపు గింజను ఎత్తున దాచును. నవ్వించిన బొమ్మయు అట్టి విత్తనమే.