ఉరి తీశాక వచ్చే తీర్పు

పీటర్ మెడక్ దర్శకత్వంలో 1991లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘లెట్ హిమ్ హ్యావ్ ఇట్’ కల్పిత గాథ కాదు. 1952 నవంబరు 2న లండన్ సమీపంలోని క్రొయ్‌డన్‌లో ఒక గిడ్డంగిలో దొంగతనానికి వెళ్ళిన డెరెక్ బెంట్లీ అనే పంతొమ్మిదేళ్ళ యువకుడి చరిత్ర అది. కానిస్టేబుల్‌ను కాల్చి చంపింది అతని సహచరుడు, పదహారేళ్ళ క్రిస్టఫర్ క్రెయిగ్. ఆ సమయానికి బెంట్లీ అప్పటికే పోలీసుల చేతికి చిక్కి ఉన్నాడు. వయసు చాలదు కనుక క్రెయిగ్ ఉరి తప్పించుకున్నాడు. తుపాకి పేల్చని బెంట్లీకి ఉరి పడింది.

చిత్రానికి పేరైన మాటను బెంట్లీ పలికాడని పోలీసులు సాక్ష్యమిచ్చారు. నిందితులిద్దరూ కాదన్నారు. పలికాడనుకున్నా, ‘వాణ్ణి కాల్చు’ అనీ, ‘తుపాకి ఇచ్చెయ్యి’ అనీ దానికి రెండర్థాలు. దయ చూపమని జ్యూరీ కోరినా హోంమంత్రి మన్నించలేదు. 1953 జనవరి 28న బెంట్లీని ఉరితీశారు. చిత్రం వచ్చిన ఏడేళ్ళకు, 1998 జూలైలో, అప్పీలు న్యాయస్థానం ఆ తీర్పును కొట్టివేసింది.

బెంట్లీ కథ తెరకెక్కింది. అతనికన్నా కొద్ది నెలల ముందు, 1952 సెప్టెంబరు 3న, కార్డిఫ్ జైలులో ఉరికంబమెక్కిన మహమూద్ మత్తాన్ పేరు మనలో ఎందరికి తెలుసు? అతడు సోమాలీ ముస్లిం నావికుడు. ఒక దుకాణదారిణి హత్య కేసులో అతని పక్షాన వాదించవలసిన న్యాయవాదే అతణ్ణి సగం ఆటవికుడిగా వర్ణించాడు. 1998 ఫిబ్రవరిలో అతని శిక్షా రద్దయింది. 1997లో ఏర్పడిన స్వతంత్ర పునఃపరిశీలన సంఘమే ఈ రెండు కేసులనూ న్యాయస్థానం ముందుకు తెచ్చింది. కానీ ఆ తీర్పులు వినడానికి వారిద్దరూ లేరు.

ఈ ప్రమాదం మన దేశానికి దూరమైనది కాదు. 2002లో గాంధీనగర్ అక్షర్‌ధామ్ ఆలయంపై జరిగిన దాడిలో ముప్పైమందికి పైగా మరణించారు. ఆ కేసులో పోటా న్యాయస్థానం ఆరుగురు ముస్లింలను దోషులుగా తేల్చి, ముగ్గురికి మరణశిక్ష విధించింది. 2010లో హైకోర్టు దానిని సమర్థించింది. 2014 మే 16న సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా ప్రకటించింది. పోలీసు అధికారి నమోదు చేసిన నేరాంగీకారాన్ని సాక్ష్యంగా అనుమతించిన చట్టం అది. ఈ లోపు ఉరి అమలై ఉంటే?

2015లో లా కమిషన్ తన 262వ నివేదికలో మరణశిక్షను రద్దు చేయమన్నది. అయితే ఉగ్రవాద నేరాలను, దేశంపై యుద్ధాన్ని మినహాయించింది. ప్రజాగ్రహం తీవ్రంగా ఉండి, నిందితుని పేరే సాక్ష్యంగా మారే అవకాశం ఎక్కువగా ఉన్న కేసులు అవే. పొరపాటుకు ఎక్కువ తావున్న చోటనే దిద్దుకోలేని శిక్షను నిలుపుకోవడం ఏ న్యాయం?

బాధిత కుటుంబాల మాటేమిటని అడుగుతారు. ఆ ప్రశ్న ధర్మమైనదే. కానీ నిర్దోషిని దండిస్తే అసలు దోషి నిశ్చింతగా తిరుగుతాడు. బాధితులకు రెండోసారి అన్యాయం జరుగుతుంది. సందేహమున్న చోట హద్దు శిక్షను నిలిపివేయాలన్నది ఇస్లామీ ధర్మశాస్త్రంలో ప్రసిద్ధ సూత్రం. కాబట్టి మనం కోరవలసినది మనవారికి మినహాయింపు కాదు. మరణశిక్ష అందరికీ, అన్ని నేరాలకూ రద్దు కావాలి. ముగిసిపోయిన కేసులను తిరిగి పరిశీలించే స్వతంత్ర సంఘం మన దేశంలోనూ ఏర్పడాలి. బతికుండగా విడుదలైనవాడికి పరిహారమైనా అడగవచ్చు. మట్టిలో కలిసినవాడికి ఏ తీర్పూ చేరదు.