నేరం ఉర్దూది కాదు, దిష్టిదీ కాదు

పిల్లవాడికి రెండేళ్లు నిండాయి. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ‘వీడి అబ్బా కూడా ఆలస్యంగానే మాట్లాడాడు’ అన్నది దాదీ. ‘నజర్ తగిలింది, తావీజు కట్టించండి’ అన్నది పొరుగింటి ఖాలా. చివరకు డాక్టరు వద్దకు తీసుకువెళ్తే, ‘ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. బిడ్డ తికమకపడుతున్నాడు, ఉర్దూ మానేయండి’ అన్న సలహా దొరికింది. మా బస్తీలోని ఒక తల్లి ఈ మూడు మాటలూ నాతో చెప్పుకున్నది. ముగ్గురూ తీర్పు చెప్పారు గానీ బిడ్డను పరీక్షించినవారు ఒక్కరూ లేరు.

రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు. తల్లి పెంపకం వల్లా రాదు. అది మెదడు ఎదుగుదలలోని తేడా. ఉర్దూ మాన్పించడమంటే, మాటకోసం తడుముకుంటున్న బిడ్డకు తల్లి సహజంగా మాట్లాడే ఒక్క భాషనూ దూరం చేయడమే.

గుర్తించడం అసాధ్యమూ కాదు. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ‘ఎం-చాట్’ అనే ప్రశ్నావళి ఉంది. సవరించిన రూపంలో 20 ప్రశ్నలు. అవును, కాదు అని తల్లి చెబితే చాలు. మీరు వేలితో చూపిన వైపు బిడ్డ చూస్తాడా? కావలసినదాన్ని వేలితో చూపిస్తాడా? మీరు చేసినట్టు చేస్తాడా? ఈ చివరి ప్రశ్నకు ఉదాహరణగా ‘టాటా చెబుతాడా’ అని అడుగుతారు. మన ఇళ్లలో ఏడాది బిడ్డకు మొదట నేర్పేది నుదుటికి చెయ్యి తాకించి సలాం చేయడం. ‘సలాం చేస్తాడా అమ్మా’ అని అడిగితే ఏ తల్లి అయినా క్షణం తడుముకోకుండా జవాబు చెబుతుంది. ఉర్దూలో అడగమనడంలోని అర్థం ఇదే. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఉర్దూ రెండవ అధికార భాష. ఆ హోదా కార్యాలయాల బోర్డుల మీద అలంకారంగా మిగిలిపోవడానికేనా?

ఈ ప్రశ్నావళితోనే రోగ నిర్ధారణ జరగదు. అనుమానం కలిగితే వినికిడి పరీక్ష, ఆపై నిపుణుల పరిశీలన అవసరం. అయినా తలుపు తెరుచుకునేది ఇక్కడే.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం సంచార వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీలకు వెళ్లి పిల్లలను పరీక్షించాలి. అవి వెతకవలసిన 30 సమస్యలలో ఆటిజం కూడా ఉంది. కాగితం మీద లోటేమీ లేదు. అంగన్‌వాడీలో పేరే లేని బిడ్డ ఆ బృందం కంటపడేదెట్లా? తల్లి మాట అర్థం కాని బృందం ఆమెనుండి ఏమి రాబట్టగలదు? ‘గుర్తించి ఏం లాభం, చికిత్సా కేంద్రం జిల్లాకు ఒక్కటే కదా’ అనేవారున్నారు. కేంద్రాలు చాలకపోతే కేంద్రాలు పెంచమనాలి గాని, బిడ్డలను గుర్తించవద్దనడం ఎక్కడి న్యాయం? ఆటిజాన్ని 2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాలలో చేర్చింది. కనుక మనం అడుగుతున్నది దయ కాదు.

మన తప్పూ ఒప్పుకోవాలి. పెళ్లిళ్లకు తీసుకువెళ్లకుండా అలాంటి బిడ్డను ఇంట్లో దాచేది మనమే. అక్క పెళ్లి సంబంధం చెడుతుందని తమ్ముడి సంగతి కప్పిపుచ్చేదీ మనమే. దుఆ చేయండి, ఎవరు వద్దన్నారు? ఆమిల్ చుట్టూ తిరుగుతూ రెండేళ్లు పోగొట్టుకోవడం మాత్రం బిడ్డకు చేసే అన్యాయం. మాట, ఆట, కలివిడితనం నేర్పే శిక్షణ ఎంత చిన్న వయసులో మొదలైతే అంత ఉపయోగపడుతుంది.

మార్గం కళ్లెదుటే ఉంది. జాతీయ టీకాల పట్టిక ప్రకారం 16–24 నెలల మధ్య ప్రతి బిడ్డకూ తట్టు-రుబెల్లా రెండవ మోతాదు, డీపీటీ బూస్టర్ వేయాలి. ఆ వయసు ప్రశ్నావళి వయసులోనే ఉంది. టీకా వేసిన తరువాత తల్లిని అరగంట కూర్చోబెడతారు కదా! ఆ అరగంటలో ఆశా కార్యకర్త ఉర్దూలోనో తెలుగులోనో, ఆ తల్లి భాషలో, 20 ప్రశ్నలు అడగాలని ప్రతి జిల్లా వైద్యాధికారికి వినతిపత్రం ఇద్దాం. జుమా రోజున చందాల ప్రకటన చదివే మస్జిద్ కమిటీలు, బస్తీలో టీకాలు వేసే తేదీని కూడా అదే నోట చదవవచ్చు. దానికి ఖర్చేమీ కాదు.