విత్తనాల సీమలో విత్తు లేని మొక్క

కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో, సీడు పత్తి పూయు దినములందు, సాయంకాలము ఆడ వరుసల మొగ్గలలోని కేసరములను గిల్లివేసి, మరునాటి ఉదయమున మగపూవు పుప్పొడిని వానికద్దుచు తిరుగు కూలీల వ్రేళ్లను చూచినవానికి, విత్తనమెంత శ్రమకు ఫలమో వేరుగ బోధింపనక్కరలేదు. అట్టి గద్వాల సీమలోనే, జూరాల కాలువనీరు పారు వరిమడులలో నాలుగేసి ఆకులు విప్పుకొని తేలియాడు మార్సీలియా యను ఫెర్నును కలుపని పెరికి గట్టున పారవైతుము; పిమ్మట కళాశాలకు పోయి, దాని కొమ్మునకు అడ్డుకోత పటమును రికార్డు పుస్తకమున రంగు పెన్సిళ్లతో దిద్దుదుము. ఈ రెండును ఒకే మొక్కయని యెరిగిన విద్యార్థులెందరో!

నా చదువునాడు ఈ మొక్క ఫార్మలిన్ సీసాలో పాలిపోయి యుండెడిది. దారువునకు లోపలను వెలుపలను పోషక కణజాలము వలయమై చుట్టుకొనుననియు, వల్కలమున గాలిగదులుండుననియు వల్లించితిమేగాని, ఊపిరాడని బురదలో ప్రాకు కాండమునకవి గాలిని నిలువచేయు గాదెలని మడిలో దిగిననాడుగాని తెలిసిరాలేదు.

అసలు వింత కాడ మొదట నుండు చిక్కుడుగింజవంటి గట్టికాయలో దాగియున్నది. అది విత్తు కాదు, సిద్ధబీజముల పెట్టె. నీరు తగ్గి చెరువు నెర్రెలు విచ్చినను ఏండ్ల తరబడి చెడక యుండి, పెంకు వదులై తడి లోనికి దిగినప్పుడు పెద్దవియు చిన్నవియునగు రెండు తెగల సిద్ధబీజములను వెలికిచ్చును. చిన్నవానినుండి పుట్టిన పురుషబీజములు కశాభములతో నీదుచు పోయి, పెద్దదానిలోని అండమును చేరును. పుప్పొడి లేదు, తుమ్మెద లేదు, కూలియు లేదు. దీనికి భిన్నముగ, నాగరుకర్నూలు నల్లమలలో తడిబండలనంటి పెరుగు హంసపాది యను ఫెర్ను ఆకు అంచుల క్రింద పుట్టు సిద్ధబీజములన్నియు ఒకే తెగవి. ఆ ఒకటి రెండై, పెద్దది తల్లియిచ్చిన ఆహారమును మోయుట నేర్చిన మార్గముననే విత్తు పుట్టినదని శాస్త్రజ్ఞులు తలతురు. నాచు మొక్కలు మొదలు ఫెర్నుల మీదుగా శంఖువృక్షముల వరకు జీవితచక్రములను పోల్చి, వానిలోని వరుసను వృక్షశాస్త్రజ్ఞుడైన హాఫ్‌మైస్టరు 1851లోనే చూపెను. విత్తనముపై బ్రతుకు సీమకు ఈ పాఠము పరాయిది కాదు.

కావున ప్రయోగపరీక్షలో గాజుపలకను గుర్తించినందుకిచ్చు మార్కులలో సగమైనను, మడి చూచి వ్రాసిన వ్రాతకియ్యవలెనని నా మనవి. హంసపాదిని చూడబోవు నల్లమలలోని అమ్రాబాదు పులుల అడవిలో కనులతో చూచుటేగాని ఆకు త్రుంపరాదు. అంతదూరమునకు బస్సు లేదందురేని, మడిగట్టునకా సాకు చెల్లదు. వనపర్తి చెరువుల నీరు తగ్గినప్పుడు బురద అంచున కాయలను వెదకవచ్చును. ఎండిన కాయ అంచును బ్లేడుతో గీచి గ్లాసుడు నీటిలో వేసినచో, కొంతసేపటికి జిగట తాడొకటి ఉబ్బి కాయను చీల్చుకొని, సిద్ధబీజాశయముల గుత్తులను మోసికొని, పురుగువలె మెల్లగా వెలికివచ్చును.